చెప్పులు కుట్టిన చేతులు

ధ్యాన భాగములు: నిర్గమకాండము 4:1–5, గలతీయులకు 6:9, 10



లోకములోని చెడుగును చూచినప్పుడు, మనబోటి సామాన్యులవలన ఏమగునని మనము తరచుగా అనుకొందుము. మనకు చదువు చాలదు, డబ్బు లేదు, పెద్దల యెదుట మన మాట చెల్లదు. మోషేయు అట్లే వెనుకాడెను. అయితే దేవుడు ఆయనకు క్రొత్త ఆయుధమేదియు ఇయ్యలేదు. ఆయన చేతిలోనున్న కాపరి కఱ్ఱనే వాడుకొనెను. ఈ నెల మనము అట్టి సామాన్యుడొకని జీవితమును ధ్యానించుదము. ఆయన చేతిలోనున్నది కఱ్ఱ కాదు, చెప్పులు కుట్టు ఆరె.

విలియం కేరీ 1761 ఆగష్టు 17వ తేదీన ఇంగ్లండు దేశమందు పాలర్స్‌పరీ అను పల్లెలో జన్మించెను. తండ్రి మగ్గము నేసి బ్రదికినవాడు. తరువాత ఆ పల్లెకే బడిపంతులాయెను. విలియమునకు చర్మవ్యాధి యుండుటవలన ఎండలో పొలముపని చేయలేకపోయెను. అందుచేత 14వ యేట అతనిని చెప్పులు కుట్టు పనిలో పెట్టిరి. తోలు కుట్టుచునే, ప్రక్కన పుస్తకము పెట్టుకొని లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొనెను. చిన్న సంఘమునకు బోధకుడైన తరువాతను, జీతము చాలక ఆ పని మానలేదు. 1792 అక్టోబరు 2న కెట్టరింగు ఊరిలో కొద్దిమంది బోధకులు ఒక యింట కూడి, మిషను సంఘమును స్థాపించి 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు చందా వ్రాసిరి. అంత కొద్దిపాటి మొత్తముతో ఆరంభమైన పని కేరీని మన దేశమునకు పంపెను.

1793 నవంబరులో ఆయన కుటుంబముతో బంగాళము చేరెను. ఆ తొలి దినములు కన్నీటి దినములు. మరుసటి యేడు అయిదేండ్ల కుమారుడు పీటరు మరణించెను. భార్య డారతీ మతి చలించి, 1807లో మరణించువరకు కోలుకొనలేదు. ఈ దూరప్రయాణమునకు ఆమె మొదట ఒప్పుకొనలేదు. ఒకరి సేవకు ఇంటివారు చెల్లించిన వెలను మనము మరువరాదు. ఏడేండ్లు గడచినను ఒక్క బంగాళీయుడైనను బాప్తిస్మము పొందలేదు. 1800 డిసెంబరు 28న కృష్ణ పాల్ అను వడ్రంగి ఆ తొలి ఫలమాయెను.

అంతకుముందు 1799లో ఒక సాయంకాలము, నదీతీరమున కేరీ ఒక జనసమూహమును చూచెను. చనిపోయిన భర్తతోకూడ ఒక స్త్రీని దహింపబోవుచుండిరి. కేరీ వారిని బతిమాలెను, వాదించెను, ఎవరును వినలేదు. ఆయన కన్నులయెదుటనే ఆ స్త్రీ కాలిపోయెను.

మనమైతే ఇంటికి వచ్చి, అయ్యో పాపమని ఊరకుందుమేమో. కేరీకి అధికారము లేదు, సైన్యము లేదు. అయినను తాను చేయగలిగినది చేసెను. ఆయనయు జతపనివారును మనుష్యులను పంపి లెక్క తీయించిరి. కలకత్తా చుట్టు 30 మైళ్లలోపల ఒక్క సంవత్సరములో 438 మంది విధవరాండ్రు కాల్చబడిరని తేలెను. సహగమనము తప్పనిసరి కాదని చూపుటకు పండితులచేత శాస్త్ర వాక్యములను వెదకించిరి. ప్రభుత్వమునకు విన్నపము పంపిరి. ప్రభుత్వము జంకి ఊరకుండెను. సంవత్సరములు గడచెను, చితులు మండుచునేయుండెను.

ఈ మధ్యకాలములో కేరీ ఫోర్టు విలియం కళాశాలలో ఉపాధ్యాయుడై నెలకు 500 రూపాయలు, తరువాత 1000 రూపాయలు సంపాదించెను. తన అవసరమునకు కొంచెము ఉంచుకొని, మిగిలినది సేవకే యిచ్చెను. ఒక విందులో ఆయన పూర్వపు వృత్తిని ఎత్తి చూపి ఒక దొర తక్కువ చేయబోగా, తాను క్రొత్త జోళ్లు చేసినవాడను కూడ కానని, పాతవి బాగుచేసినవాడననియు నెమ్మదిగా చెప్పెను. మన సంఘములలో అనేకుల పితరులు తోలుపని చేసి బ్రదికినవారే. ఆ పనిని గూర్చి సిగ్గుపడనక్కరలేదని ఈ జవాబు మనకు నేర్పుచున్నది.

1812 మార్చి 11న శ్రీరామపురములోని అచ్చుకూటము కాలిపోయెను. ఏండ్ల తరబడి వ్రాసిన ప్రతులు బూడిదయ్యెను. వాటిలో మన తెలుగు వ్యాకరణమును ఉండెను. కేరీ మరల మొదటినుండి వ్రాసెను. ఆ వ్యాకరణము 1814లో అచ్చయ్యెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు అక్కడనే అచ్చుపడెను.

సహగమనము విషయమై రాజా రామమోహన రాయలు మొదలగు హిందూ సంస్కర్తలును గట్టిగా పోరాడిరి. తుదకు 1829 డిసెంబరు 4న గవర్నరు జనరలు బెంటింకు దానిని నిషేధించెను. మరుసటి సంవత్సరము మద్రాసు రాజధానిలోను అట్టి చట్టము వచ్చెను. బంగాళీ భాషలోనికి తర్జుమా చేయుటకై ఆ శాసనము ఒక ఆదివారము ఉదయమున కేరీ చేతికి వచ్చెను. ఆయనకప్పుడు 68 ఏండ్లు. ఆరాధనలో ప్రసంగమును మరియొకరికి అప్పగించి, ఆయన వెంటనే పనికి కూర్చుండెను. ఒక్క గంట ఆలస్యమైనను ఒక విధవరాలి ప్రాణము పోవచ్చునని ఆయన యెరిగియుండెను. సాయంకాలమునకు తర్జుమా ముగిసెను. నదీతీరమున ఆయన మొర వ్యర్థమైన ఆ సాయంకాలమునకు అప్పటికి 30 ఏండ్లు. 1834 జూన్ 9న ఆయన ప్రభువునందు నిద్రించెను.

ప్రియులారా, కేరీవలె అనేక భాషలు నేర్చుట మనకందరికిని సాధ్యము కాదు. అయితే చూచినదానిని మరచిపోకుండుట మనకు సాధ్యమే. మన ఊరిలో బడి మానిన పిల్లలెందరో మనము లెక్కింపగలము. పసిప్రాయమున పెండ్లి చేయబోవు ఇంటికి ఇద్దరు ముగ్గురము కలిసి వెళ్లి మాటలాడగలము. చదువు వచ్చినవారము ఒక విధవరాలికి పింఛను అర్జీ వ్రాసి పెట్టగలము. అది తిరిగి వచ్చినయెడల మరల వ్రాయగలము. కేరీ తనకు గొప్ప తెలివి కలదని ఎన్నడును చెప్పుకొనలేదు. విసుగక సాగిపోవుటయే తనకు చేతనైనదని యెంచెను. ఆ ఒక్క వరము మనలో ప్రతివానికిని దొరకును.

ప్రార్థన: ప్రభువా, మా చేతిలోనున్నది చిన్నదని దాచుకొనకుండ, నీ పనికి తెచ్చు మనస్సు మాకిమ్ము. విసుగక మేలుచేయు ఓపిక మాకు దయచేయుము. ఆమేన్.