దుమ్ముగూడెం దగ్గర ఆగిన కాటన్ దొర పడవ

కాటన్ దొర అనగానే అందరికీ ధవళేశ్వరం గుర్తొస్తుంది. ఆయన తలపెట్టిన మరో పెద్ద పని మన పర్ణశాలకు కూతవేటు దూరంలో, దుమ్ముగూడెం దగ్గర, సగంలో ఆగిపోయింది. ఆ కథ మన బడిలో చదివి ఇంజనీర్లు, డాక్టర్లు, టీచర్లు అయినవాళ్లందరికీ పనికొస్తుంది.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. 1821లో మద్రాసు వచ్చి ఇంజనీరుగా కొలువులో చేరారు. కావేరి మీద పనిచేస్తున్నప్పుడు చోళుల నాటి కల్లణైని శ్రద్ధగా పరిశీలించారు. గట్టి నేల తగలని ఇసుక నదిలో కూడా రాళ్లు వేస్తూ పోతే, అవి దిగినంత దిగి ఒకచోట నిలుస్తాయని, వాటి మీద కట్టుకోవచ్చని గ్రహించారు. కాలేజీలో దొరకని ఈ పాఠాన్ని పేరు తెలియని పాతకాలపు పనివాళ్లే నేర్పారని చెప్పుకోవడానికి ఆయన నామోషీ పడలేదు.

నందన కరువులో, 1832-33లో, గోదావరి పక్కనే ఉన్న ఊళ్లలో జనం తిండి లేక రాలిపోయారు. ఆ నేలకు నీళ్లివ్వాలని కాటన్ నదీతీరమంతా తిరిగి కొలతలు తీశారు. 1847లో పని మొదలైంది. వీణం వీరన్న వంటి సహాయకులు అండగా నిలిచారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలకు అడ్డంగా ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. డెల్టా అన్నపూర్ణ అయింది. 1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది.

తర్వాత ఆయన చూపు ఎగువకు మళ్లింది. నాగపూర్ వైపు పత్తిని గోదావరిలో పడవల మీద సముద్రానికి చేర్చాలన్నది ఆలోచన. దారిలో మూడు రాతి అవరోధాలున్నాయి. మొదటిది దుమ్ముగూడెం. అక్కడ హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో ఆనకట్ట, పడవల కాలువ, లాకులు కట్టారు. ఈలోగా, 1867లో, రైలు నాగపూర్ చేరింది. బొంబాయి రేవుకు పత్తి రైలెక్కింది. 1871లో ఎగువ గోదావరి పనులు మానేశారు. నీటిదారే చవకని కాటన్ వాదిస్తూనే వచ్చారు. 75 ఏళ్ల వయసులో, 1878లో, బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ప్రశ్నలకు జవాబులిచ్చారు. 1899 జులై 24న కన్నుమూశారు.

అంతటి నిపుణుడి లెక్కను కూడా కొత్త యంత్రం తారుమారు చేసింది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు గొలుసు, లెవెల్ పట్టుకుని రోజుల తరబడి తీసిన సర్వేను ఇప్పుడు డ్రోను పూటలో తెస్తోంది. వరద లెక్క కంప్యూటరే కడుతోంది. కొలిచే పని మన చేతుల్లోంచి పోయింది. ఏ కొలత నమ్మాలి, ఎవరి పొలం మునుగుతుంది, ఎవరిని అడగాలి అన్నవి మాత్రం మన మీదే ఉన్నాయి. కల్లణై ముందు కాటన్ చేసిన పని అదే.

పడవల కోసం కట్టిన దుమ్ముగూడెం ఆనకట్ట ఎగువ నుంచే ఇవాళ సీతారామ ఎత్తిపోతలకు నీళ్లు తీసుకునేలా పథకం వేశారు. పడవలు పోయినా కట్టడం పనికొస్తూనే ఉంది. ఈసారి అటు వెళ్లినప్పుడు మీ పిల్లలకు ఆ గోడ చూపించండి.