మోతాదు తేల్చిన వైద్యుడు – డాక్టర్ జార్జి కోట్జియాస్

స్వర్ణోత్సవ సంచికకు ఒక వ్యాసం రాయమని కమిటీ మిత్రులు అడగగానే నాకు డాక్టర్ జార్జి కోట్జియాస్ గుర్తొచ్చారు. నేను ఇంజనీరుని, వైద్యుణ్ణి కాను. మా నాన్నగారు పార్కిన్సన్స్ వ్యాధితో చాలాకాలం బాధపడ్డారు. ఆయన వేసుకునే మాత్ర ఎలా వచ్చిందో తెలుసుకోబోయి ఈయన గురించి చదివాను.

కోట్జియాస్ 1918లో గ్రీసు దేశపు క్రీట్ ద్వీపంలో పుట్టారు. తండ్రి ఏథెన్సు మేయరుగా పనిచేశారు. 1941లో జర్మన్ సేనలు గ్రీసును ఆక్రమించడంతో కుటుంబం అమెరికా చేరింది. ఏథెన్సులో మొదలుపెట్టిన వైద్యవిద్యను ఆయన హార్వర్డులో పూర్తిచేశారు. తర్వాత న్యూయార్కు రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ నేషనల్ లేబొరేటరీలో చేరారు. చిలీ మాంగనీసు గనుల కార్మికుల్లో కొందరికి పార్కిన్సన్స్‌ను పోలిన జబ్బు వచ్చేది. దానిమీద కూడా ఆయన పరిశోధన చేశారు.

ఈ రోగుల మెదడులో డోపమిన్ తగ్గిపోతుందని 1960లోనే వియన్నాలో హార్నికీవిచ్ కనుక్కున్నారు. డోపమిన్‌ను నేరుగా ఇస్తే రక్తం నుంచి మెదడులోకి వెళ్లదు. దాని ముడిసరుకైన డోపా వెళ్తుంది. కొందరు వైద్యులు దాన్ని కొద్దికొద్దిగా ఇచ్చి చూశారు. గుణం నిలవలేదు, వాంతులు మాత్రం మొదలయ్యేవి. చాలామంది ఆశ వదులుకున్నారు.

కోట్జియాస్ వదల్లేదు. రోగులను ఆసుపత్రిలో ఉంచుకుని, అతి తక్కువతో మొదలుపెట్టి, శరీరం అలవాటుపడే కొద్దీ మోతాదు పెంచుతూ పోయారు. కొత్త వంతెన మీద మేమూ బరువును దశలవారీగానే పెంచి, ప్రతి దశలో కొలతలు తీసుకుంటాం. 1967లో ఆయన ప్రచురించిన ఫలితాల్లో రోగులు 16 మందే. రోజుకు 3 నుంచి 16 గ్రాముల దాకా ఇచ్చారు. సగం మందికి గుణం స్పష్టంగా కనిపించింది. కొందరిలో తెల్ల రక్తకణాలు తగ్గిన సంగతీ దాచకుండా రాశారు. 1969లో శుద్ధమైన ఎల్-డోపాతో 28 మందికి చికిత్స చేసిన వివరాలు వెలువడ్డాయి. ఆ ఏడాదే లాస్కర్ పురస్కారం అందుకున్నారు. 1977లో ఊపిరితిత్తుల క్యాన్సరుతో కన్నుమూశారు.

ఈ మందు వ్యాధిని నయం చేయదు. ఏళ్లు గడిచేకొద్దీ కాళ్లూ చేతులూ వాటంతటవే కదలడం వంటి ఇబ్బందులు రావచ్చు. అయినా మాత్ర వేసుకున్న ముప్పావుగంటకు నాన్నగారు చొక్కా గుండీలు తానే పెట్టుకునేవారు. అదెంత పెద్ద విషయమో మా ఇంట్లో వాళ్లకు తెలుసు.

చిన్నప్పుడు తుంటరి పిల్లలు బెంచీలకు రాసే దూలగొండి నూగు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ గింజల్లోనే ఎల్-డోపా ఉందని 1937లో మన శాస్త్రవేత్తలు దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపారు. అలాగని గింజలు సొంతంగా వాడకండి. కోట్జియాస్ అంత కష్టపడింది మోతాదు తేల్చడానికే.

ఇంట్లో పెద్దవాళ్ల చేతిరాత చిన్నదైపోతున్నా, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోయినా వయసు మీద నెట్టేయకండి. ఒకసారి న్యూరాలజిస్టుకు చూపించండి.