గబ్బిలాల వంశక్రమ శోధకుడు – జార్జ్ డాబ్సన్

క్షీరదాలలో నిజంగా ఎగరగలిగినది గబ్బిలం ఒక్కటే. పక్షివలె రెక్కలున్నప్పటికీ అది గుడ్లు పెట్టదు. పిల్లను కని పాలిచ్చి పెంచుతుంది. పగలంతా గుహలలోను, పాడుబడిన కట్టడాలలోను, చెట్ల కొమ్మలకు తలక్రిందులుగా వ్రేలాడి, చీకటి పడగానే ఆహారం కోసం బయలుదేరుతుంది. 1859లో జీవజాతుల పుట్టుకను గురించి గ్రంథాన్ని ప్రకటించిన చార్లెస్ డార్విన్‌కు సైతం ఈ ప్రాణి ఒక క్లిష్ట సమస్యగా నిలిచింది. రెక్కలు లేని జంతువు నుంచి గబ్బిలం క్రమక్రమంగా ఎట్లా రూపొందిందో చూపగల మధ్యంతర రూపాలేవీ ఆనాటికి లభించలేదు. ఆ సమస్యను విప్పాలంటే ముందు ప్రపంచంలో ఎన్ని రకాల గబ్బిలాలున్నాయో, వాటిలో ఏది దేనికి దగ్గరి బంధువో తెలియాలి. ఆ పునాది వేసిన వారిలో అగ్రగణ్యుడు జార్జ్ ఎడ్వర్డ్ డాబ్సన్.

డాబ్సన్ 1848 సెప్టెంబరు 4న ఐర్లండులోని ఎడ్జ్‌వర్త్స్‌టౌన్‌లో జన్మించాడు. డబ్లిన్ నగరంలోని ట్రినిటీ కళాశాలలో వైద్యవిద్య నభ్యసించి, 1867లో బ్రిటిష్ సైనిక వైద్యశాఖలో చేరాడు. మరుసటి సంవత్సరమే ఆయనను భారతదేశానికి పంపించారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు. సైనికులకు చికిత్స చేయడం ఆయన వృత్తి. జంతువుల శరీరనిర్మాణాన్ని పరిశీలించడం ఆయన ప్రవృత్తి. చివరకు ఆ ప్రవృత్తే ఆయన కీర్తికి కారణమైంది. 1872లో అండమాన్ దీవులకు వెళ్ళినప్పుడు అక్కడి ఆదివాసుల జీవనవిధానాన్ని గమనించి, ఛాయాచిత్రాలు తీసి, వారిని గురించి వ్యాసం రాశాడు.

కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో ఆసియా ఖండపు గబ్బిలాల నమూనాలు ఎన్నో భద్రపరచి ఉండేవి. వాటి అధ్యయనం సులభమైన పని కాదు. ఎండిన చర్మాలు ముడుచుకుపోతాయి, రంగులు వెలిసిపోతాయి. ఒకే జాతికి వేర్వేరు పండితులు వేర్వేరు పేర్లు పెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. డాబ్సన్ ఈ చిక్కుముడిని ఓపికతో విప్పాడు. రంగును మాత్రమే నమ్ముకొనక పళ్ళ ఆకారాన్ని, చెవుల నిర్మాణాన్ని, ముక్కుపై ఆకువలె ఉండే తోలును, వేళ్ళ ఎముకలను ఒక్కొక్కటిగా పరిశీలించి, కొలతలు తీసి నమోదు చేశాడు. నేటి కర్ణాటకలోని బళ్ళారి కొండలలో లభించిన ఒక చిన్న గబ్బిలాన్ని 1875లో కొత్త జాతిగా లోకానికి పరిచయం చేశాడు. డార్మర్ గబ్బిలమని నేడు పిలిచేది దానినే.

ఆసియా గబ్బిలాలను గురించి ఆయన రచించిన సమగ్ర గ్రంథం 1876లో ఇండియన్ మ్యూజియం ధర్మకర్తల ఆదేశంపై వెలువడింది. బ్రిటిష్ మ్యూజియంలోని గబ్బిలాలన్నిటినీ పరిశీలించి రచించిన బృహత్ గ్రంథం 1878లో అచ్చయింది. 567 పుటలు, 30 చిత్రఫలకాలు గల ఆ గ్రంథం గబ్బిలాల శాస్త్రానికి చిరకాలం ప్రమాణమైంది. డార్విన్ కూడా మానవుని ఆవిర్భావాన్ని గురించిన తన గ్రంథపు రెండవ ముద్రణలో, ఆడ, మగ గబ్బిలాల మధ్య ఉండే భేదాలకు డాబ్సన్ పరిశీలనలనే ఆధారంగా స్వీకరించాడు.

డాబ్సన్ కృషిలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1875లో ఆయన ప్రకటించిన వర్గీకరణ. గబ్బిలాల క్రమాన్ని ఆయన రెండు ఉపక్రమాలుగా విభజించాడు. పండ్లు తిని జీవించే పెద్ద గబ్బిలాల కుటుంబాన్ని మెగాకైరాప్టెరాగాను, తక్కిన వాటినన్నిటినీ మైక్రోకైరాప్టెరాగాను నిర్ణయించాడు. మొదటి వాటిలో చాలావాటికి బొటనవేలికే కాక చూపుడు వేలికి కూడా గోరు ఉంటుంది. దవడ పళ్ళు నునుపుగా ఉంటాయి. రెండవ వాటికి చూపుడు వేలికి గోరు ఉండదు. పురుగులను నమలడానికి అనువుగా పళ్ళపై మొనలుంటాయి. ఈ విభజన ఎంత సహేతుకంగా కనిపించిందంటే, నూరేళ్ళకు పైగా పాఠ్యగ్రంథాలన్నీ దానినే అనుసరించాయి. అమెరికా శాస్త్రజ్ఞులు డోనాల్డ్ గ్రిఫిన్, జార్జ్ పియర్స్ 1938లో గబ్బిలాలు మన చెవికి అందని ధ్వనులను వెలువరిస్తాయని కనుగొన్న పిదప ఆ నమ్మకం మరింత బలపడింది. చిన్న గబ్బిలాలు ఆ ధ్వనుల ప్రతిధ్వనులను బట్టి దారి తెలుసుకుంటాయి. పండ్లు తినే గబ్బిలాలలో అత్యధిక భాగానికి కంఠంతో అట్లా చేసే శక్తి లేదు.

1986లో ఆస్ట్రేలియాకు చెందిన జాన్ పెటిగ్రూ మరొక అడుగు ముందుకు వేసి, పెద్ద గబ్బిలాలు కోతుల వంశానికి దగ్గరివని, రెక్కలు రెండుసార్లు వేర్వేరుగా పుట్టాయని వాదించాడు. అయితే జన్యుపదార్థాన్ని పరీక్షించే విధానాలు వచ్చాక గబ్బిలాలన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయని తేలింది. అంతటితో ఆగలేదు. 2000వ సంవత్సరం నుంచి ఐర్లండుకే చెందిన ఎమ్మా టీలింగ్ తన సహచరులతో కలిసి జరిపిన పరిశోధనలు, లాడపు ముక్కు గబ్బిలాలు తక్కిన చిన్న గబ్బిలాలకంటె పండ్లు తినే పెద్ద గబ్బిలాలకే దగ్గరి బంధువులని చూపాయి. డాబ్సన్ గీచిన గీత సరియైన చోట పడలేదన్నమాట. అమెరికాలోని వయోమింగ్‌లో దొరకగా 2008లో శాస్త్రజ్ఞులు వర్ణించిన సుమారు 5 కోట్ల 20 లక్షల ఏళ్ళనాటి శిలాజ గబ్బిలానికి అయిదు వేళ్ళకూ గోళ్ళున్నాయి. అనగా చూపుడు వేలి గోరు ఒక ప్రత్యేక శాఖకు గుర్తు కాదు. పూర్వికుల నుంచి మిగిలిన ఆస్తి.

అంతమాత్రం చేత డాబ్సన్ శ్రమ వృథా కాలేదు. ఆయన కాలంలో గబ్బిలాల ధ్వనులను వినే యంత్రాలు లేవు. జన్యువును చదివే విద్య లేదు. కంటికి కనిపించినదానిని లోపం లేకుండా వర్ణించడమే ఆయన చేయగలిగిన పని. దానిని ఆయన సంపూర్ణంగా నిర్వర్తించాడు. పండ్లు తినే గబ్బిలాలు ఒకే సహజ కుటుంబమన్న అంశం నేటికీ నిలిచి ఉంది. ఆయన పేర్లు పెట్టిన జాతులలో అనేకం నేటికీ ఆ పేర్లతోనే వ్యవహరింపబడుతున్నాయి. ఈనాడు 1,400కు మించిన గబ్బిలపు జాతులను గుర్తించిన శాస్త్రజ్ఞులు ఆయన వర్ణనలపైనే తమ కట్టడాన్ని లేపారు.

1883లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. పురుగులను తిని జీవించే చిన్న క్షీరదాలను గురించి 1882లో ఆరంభించిన మరొక గ్రంథాన్ని భాగాలుగా వెలువరిస్తూ, 1888లో సైనిక వైద్య ఉద్యోగం నుంచి విరమించాడు. ఆ గ్రంథం పూర్తి కాకుండానే 1895 నవంబరు 26న ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో నలభై ఏడేళ్ళ వయస్సులో కన్నుమూశాడు. శాస్త్రంలో నిర్ణయాలు మారుతూ ఉంటాయి. నిజాయితీతో చేసిన పరిశీలన మాత్రం తరువాతి తరాలకు ఉపకరిస్తూనే ఉంటుంది. తన నిర్ణయాన్ని సవరించడానికి కావలసిన సామగ్రిని సైతం తన గ్రంథాలలోనే సమకూర్చి వెళ్ళడం డాబ్సన్ ఘనత.