గుడ్డు పెట్టని చేపకు పదకొండేళ్ల మేత

చేపల పెంపకం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది కొల్లేరు పక్కన చెరువులు, గట్టు మీద తవుడు బస్తాలు. సముద్రపు చేపని సముద్రంలోనే వలకట్టి, మేత వేసి పెంచడం పూర్తిగా వేరే ఆట. ఆ ఆటకి రూల్స్ రాసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు టెరువో హరాడా. జపాన్‌లో కింకి యూనివర్సిటీ ప్రొఫెసర్. 1991లో చనిపోయారు. ఆక్వా రంగంలో ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఒక్కసారైనా చదవాల్సిన జీవితం ఆయనది. ఎందుకంటే ఆయన తలపెట్టిన అన్నిటికంటే పెద్ద పని ఆయన బతికుండగా పూర్తి కాలేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక జపాన్‌లో తిండికి కటకట. ఉన్న నేల తక్కువ, చుట్టూ సముద్రం. పొలం దున్నినట్టు సముద్రాన్నీ సాగు చేయాలన్నది కింకి యూనివర్సిటీని నిలబెట్టిన కోయిచి సెకో ఆలోచన. 1948లో వకయామా తీరంలోని షిరహామాలో ఒక లాబ్ పెట్టారు. హరాడా తన పని జీవితమంతా గడిపింది ఈ లాబ్‌లోనే.

అప్పటికే జపాన్‌లో హమాచి అనే చేపని పెంచుతున్నారు. 1928లో కగావా ప్రాంతంలో మొదలైన పద్ధతి అది. సముద్రపు పాయకి అడ్డంగా గట్టు కట్టి, లోపల చేపల్ని వదిలేవారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ గట్టు ఖర్చు తడిసి మోపెడు. అనువైన పాయ దొరకాలి. లోపల నీళ్లు సరిగా మారవు. ఎన్ని చేపలున్నాయో, ఎన్ని చచ్చాయో లెక్క తెలీదు. లెక్క తెలీనప్పుడు మేత ఎంత వేయాలో ఎలా తెలుస్తుంది?

1954లో హరాడా దీన్ని తిరగేశారు. అప్పటికి ఆయనకి ముప్ఫై కూడా నిండలేదు. గట్టు వద్దు, నీళ్ల మీద తేలే చట్రానికి చిన్న చిన్న వల పంజరాలు వేలాడదీద్దాం అన్నారు. ఆటుపోట్లే పైసా ఖర్చు లేకుండా నీళ్లు మారుస్తాయి. వల పైకి లాగితే చేపల్ని లెక్కపెట్టొచ్చు, తూకం వేయొచ్చు. ఒక పంజరంలో జబ్బొస్తే దాని మీద వెంటనే కన్నేయొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, మామూలు మత్స్యకారుడు కూడా ఒకటి రెండు పంజరాలతో మొదలుపెట్టొచ్చు. ఇంజినీరింగ్ చదివినవాడిగా నాకు ఇందులో నచ్చింది అదే. పెద్ద కట్టడాన్ని చిన్న యూనిట్లుగా విడగొట్టాడు మనిషి, సగం సమస్యలు వాటంతటవే తేలిపోయాయి.

ఈ పంజరాల సాగు మనకీ వచ్చింది. 2007లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అదే సీఎంఎఫ్ఆర్ఐ, మన దేశంలో మొదటి ఓపెన్ సీ కేజ్‌ని దించింది విశాఖ తీరంలోనే. అందులో పెంచింది పండుగప్ప.

హరాడా అసలు సబ్జెక్టు మాత్రం వల కాదు, మేత. తేలే పంజరాల్లో పెంచిన హమాచికి ఎంత మేత వేస్తే ఎంత పెరుగుతుందన్నది ఆయన 1965లో అచ్చువేసిన పరిశోధన. చప్పగా అనిపించొచ్చు. కానీ ఈ వ్యాపారం నిలబడేదీ మునిగేదీ ఆ లెక్క మీదే. నీళ్లు చల్లబడితే చేపకి ఆకలి తగ్గుతుంది. అలవాటుగా అంతే మేత వేస్తే మిగిలింది వలలోంచి అడుక్కి పోయి కుళ్లుతుంది. డబ్బూ పోతుంది, నీళ్లూ పాడవుతాయి.

ఇంకో సమస్య సీడ్. సముద్రంలో పిల్లల్ని పట్టుకొచ్చి పెంచుతుంటే ఎప్పటికైనా సముద్రమే ఖాళీ అవుతుంది. గుడ్డు నుంచే మొదలుపెట్టాలి. 1960ల్లో ఆయన బృందం హిరామె అనే బల్లపరుపు చేపని, తర్వాత హమాచినీ గుడ్ల నుంచి పెంచింది. మడాయ్ అనే ఎర్ర చేపలో త్వరగా పెరిగేవాటినే తల్లి చేపలుగా ఎంచుకుంటూ పోయింది. పొదిగిన పిల్ల రెండు మూడు మిల్లీమీటర్లే. రెండు మూడు రోజులకి నోరు తెరుచుకుంటుంది. ఆ నోట్లో పట్టే, కదిలే, బతికున్న మేత ఆ టైముకి సిద్ధంగా లేకపోతే ట్యాంకులో ఏమీ మిగలదు. అందుకే ముందు రోటిఫర్ అనే కంటికి ఆనీ ఆనని జీవి, తర్వాత ఆర్టీమియా. రొయ్యల హేచరీల్లో పనిచేసే అన్నయ్యలని అడిగితే ఆర్టీమియా డబ్బాల సంగతి చెప్తారు.

ఇక ట్యూనా. మన తీరంలో తూర అంటాం. ఆ కుటుంబంలో పెద్దది బ్లూఫిన్, మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. 1970లో జపాన్ ప్రభుత్వ మత్స్య శాఖ మూడేళ్ల ప్రాజెక్టు ఇచ్చింది, బ్లూఫిన్‌ని పెంచగలరేమో చూడమని. కింకితో పాటు ఇంకొన్ని సంస్థలు దిగాయి. గడువు అయ్యాక అవన్నీ తప్పుకున్నాయి. కింకి లాబ్ మాత్రం ఆగలేదు.

మొదటి చిక్కు, పట్టుకొచ్చిన పిల్ల ట్యూనాలు బతకవు. చర్మం మరీ సున్నితం, చేత్తో ముట్టుకున్నా దెబ్బే. నోరు తెరిచి ఈదుతూ ఉంటేనే మొప్పలకి నీళ్లందుతాయి, ఆగితే ఊపిరాడదు. వలతో కాకుండా గాలంతో ఒక్కొక్కటిగా పట్టి, చేత్తో తాకకుండా తేవాల్సి వచ్చింది. వాటిని నిలబెట్టుకునేసరికి 1974 వచ్చింది. 1979లో ఆ చేపలు కుషిమోతో దగ్గరి పంజరంలో గుడ్లు పెట్టాయి. మనుషుల పెంపకంలో బ్లూఫిన్ గుడ్లు పెట్టడం ప్రపంచంలో అదే మొదటిసారి. 1980లో, 1982లో మళ్లీ పెట్టాయి. పిల్లలు మాత్రం ఎక్కువ రోజులు బతకలేదు.

1983 నుంచి గుడ్లే లేవు. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, వరసగా పదకొండేళ్లు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క వేయండి. వందల కిలోల చేపలు, రోజూ మేత, పడవలు, జీతాలు. చేతికొచ్చే ఫలితం సున్నా. ఏ ఫండింగ్ ఏజెన్సీ అయినా రెండో ఏడాదే ఫైలు మూసేస్తుంది. కింకి లాబ్ మూసేయకపోవడానికి కారణం హరాడా ముందే పెట్టుకున్న ఏర్పాటు. లాబ్‌లో పెంచిన హమాచి, మడాయ్‌లని, వాటి సీడ్‌నీ మార్కెట్‌లో అమ్మి, ఆ డబ్బుతో పరిశోధన నడిపేవారు. ప్రొఫెసర్లు చేపలమ్మడం ఏంటని ముక్కు విరిచేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. నా దృష్టిలో ఆయన చేసిన అన్నిటికంటే తెలివైన పని అదే. చిన్న చేపలు పెద్ద చేపని పోషించాయి.

ఆ గుడ్లు లేని కాలంలోనే, 1991లో హరాడా కన్నుమూశారు. లాబ్ పగ్గాలు హిడెమి కుమాయ్ తీసుకున్నారు. 1994లో ట్యూనాలు మళ్లీ గుడ్లు పెట్టాయి. పిల్లలు కాస్త ఎదగగానే ఒకదాన్నొకటి తినేయడం మొదలుపెట్టాయి. వాటికి వేరే చేపల పిల్లల్ని మేతగా వేశారు. సైజు పెరిగాక బెదిరి వల గోడకి గుద్దుకుని చచ్చిపోయేవి. ఎక్స్‌రే తీస్తే వెన్నెముకలు విరిగి కనిపించాయి. రాత్రిళ్లు లైట్లు వేసి ఉంచితే బెదురు తగ్గింది. 1995, 1996ల్లో పొదిగినవాటిలో మిగిలిన 20 చేపలు పెరిగి, 2002 జూన్‌లో గుడ్లు పెట్టాయి. హేచరీలో పుట్టిన తల్లికి హేచరీలోనే పిల్లలు. బ్లూఫిన్‌లో ఇది ప్రపంచంలో మొదటిసారి. హరాడా పోయి అప్పటికి 11 ఏళ్లు.

మేత లెక్క మాత్రం ఇంకా తెగలేదు. ఒక కిలో బ్లూఫిన్ పెరగాలంటే పది కిలోలకి పైగా చిన్న చేపలు వేయాలి. సముద్రాన్ని కాపాడే సాగు అనే మాట ఇక్కడ కాస్త తడబడుతుంది. చేపపొడి తగ్గించిన మేతలు, కెమెరాతో ఆకలి పసిగట్టి మేత వేసే యంత్రాలు, నీటి ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్ల మీద పని నడుస్తోంది. ముత్తుకూరు ఫిషరీ సైన్స్ కాలేజీలో బీఎఫ్ఎస్సీ చదివేవాళ్లకి మొదటిది సరిపోతుంది. మిగతా రెండూ మనలాంటి ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ వాళ్ల పని.