హ్యూన్‌త్సాంగ్ ఎక్కిన గుర్రం

హ్యూన్‌త్సాంగ్ అనగానే మన విద్యార్థులకు హర్షవర్ధనుడూ, నలందా, ప్రయాగలోని మహాదానమూ జ్ఞాపకం వస్తాయి. పరీక్షలో ఒక ప్రశ్నకు సరిపడినంత మేరకు ఆయన మనకు పరిచితుడే. చీనాదేశపు పిల్లల నడిగితే మాత్రం వేరొక కథ చెబుతారు. వారి హ్యూన్‌త్సాంగ్ వెంట ఒక కోతి నడుస్తుంది. ఒక వరాహముఖుడు నడుస్తాడు. నదిలోనుంచి లేచి వచ్చిన రాక్షసుడొకడు మూట మోస్తాడు. ఆయన ఎక్కిన తెల్లగుర్రం నిజానికి గుర్రం కాదు. సముద్రరాజు కుమారుడైన ఒక డ్రాగను దండన ననుభవిస్తూ ఆ రూపం ధరించింది. ఒకే మనిషి ఒక దేశంలో చరిత్రకు సాక్షిగా, మరొక దేశంలో అద్భుతకథకు నాయకుడుగా బ్రతుకుతున్నాడు. ఈ రెంటి నడుమ అసలు మనిషి ఎక్కడ ఉన్నాడో వెదకుదాం. ఆ వెదుకులాటలో ఆ గుర్రమే మనకు దారి చూపుతుంది.

ముందుగా డ్రాగను సంగతి. ఈ మాట మనకు ఐరోపా కథల ద్వారా వచ్చింది. ఆ కథలలో అది నిప్పులు గ్రక్కుతూ, బంగారు రాసులను కాచుకొని పడి ఉంటుంది. ఏ వీరుడో వచ్చి దానిని చంపుతాడు. చీనావారి లూంగ్ అటువంటిది కాదు. అది నీటికి అధిదేవత. మడుగులలో నివసిస్తుంది, మబ్బులలోకి లేస్తుంది, ప్రసన్నమైతే వాన, ఆగ్రహిస్తే వరద. చక్రవర్తికి అది చిహ్నం. బౌద్ధం చీనాకు చేరకముందే ఈ లూంగ్ అక్కడ ఉన్నది. అయితే మన గ్రంథాలను అనువదించిన పండితులు నాగశబ్దం తటస్థపడినప్పుడల్లా దానికి లూంగ్ అనే మాటనే వాడారు. మన నాగరాజులు అక్కడ డ్రాగను రాజులైనారు. అర్జునమంటే మద్దిచెట్టు కనుక నాగార్జునాచార్యుని పేరు చీనాభాషలో డ్రాగను వృక్షమని వెలసింది. తరువాత హ్యూన్‌త్సాంగ్ దానిని మార్చి, డ్రాగను వంటి పరాక్రమం గలవాడనే అర్థంలో మరొక పేరు కూర్చాడు. కాబట్టి ఆయన గ్రంథంలో డ్రాగను కనబడిన చోట మనం నాగమని చదువుకుంటే తప్పులేదు.

హ్యూన్‌త్సాంగ్ క్రీ. శ. 602 ప్రాంతంలో లోయాంగ్ నగరానికి సమీపంలో, చెన్ అనే విద్వద్వంశంలో, నలుగురు కొడుకులలో చివరివాడుగా పుట్టాడు. అన్నగారు భిక్షువు. ఆయన వెంటనే తమ్ముడూ విహారం చేరి, పదమూడవ ఏట చిన్న భిక్షువుల వరుసలో చోటు సంపాదించాడు. ఆ రోజులలోనే సూయీ రాజవంశం కూలి దేశం అల్లకల్లోలమైంది. అన్నదమ్ములు ప్రాణాలు దక్కించుకొని పశ్చిమాన సెచువాన్‌కు తరలిపోయారు. 622లో అక్కడే ఆయన పూర్తి దీక్ష పొందాడు. తరువాత ఊరూరా తిరిగి, పేరుగన్న ఆచార్యుల నందరినీ ఆశ్రయించాడు. అందరూ పండితులే, కాని ఒకరు చెప్పినది మరొకరు కాదన్నారు. అనువాదాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఈ సందేహాలు తీరాలంటే మూలగ్రంథాలు పుట్టిన దేశానికే పోవాలని ఆయనకు తోచింది.

అందుకు రాజాజ్ఞ అడ్డువచ్చింది. తాంగ్ వంశం అధికారానికి వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. సరిహద్దులు దాటరాదని తైత్సుంగ్ చక్రవర్తి శాసించాడు. హ్యూన్‌త్సాంగ్ పెట్టుకొన్న విన్నపం ఫలించలేదు. 629లో, కొందరి లెక్కలో 627లో, ఆయన అనుమతి లేకుండానే బయలుదేరాడు. పగలు దాగి, రాత్రి నడిచి, పట్టుకొమ్మని వెనుక వస్తున్న ఉత్తరువుల కంటె ఒక అడుగు ముందుగా సరిహద్దు చేరాడు.

గుర్రం కథ ఇక్కడ మొదలవుతుంది. సరిహద్దు ఊరిలో ఒక ముసలివాడు ఆయనకు ఎదురై తన ఎర్రని బక్కగుర్రాన్ని చూపాడు. అది ఆ ఎడారి దాటి హామి దాకా పదిహేనుసార్లు వెళ్ళివచ్చినదట. హ్యూన్‌త్సాంగ్ తన పడుచు గుర్రాన్ని ఇచ్చి ఆ ముసలిగుర్రాన్ని తీసుకొన్నాడు. దారి చూపుతానని వచ్చినవాడు ఒకనాటి రాత్రి కత్తి దూసి దగ్గరకు వచ్చి, ఏమనుకొన్నాడో వెనుదిరిగి, తరువాత విడిచిపోయాడు. కావలి బురుజు దగ్గర నీరు పట్టుకోబోతే బాణాలు వచ్చి పడ్డాయి. అక్కడి అధికారి దయగలవాడు కావడంవల్ల బ్రతికి బయటపడి, భిక్షువు ఒంటరిగా ఎడారిలో ప్రవేశించాడు. ఎముకల గుట్టలూ, గుర్రపు పేడా తప్ప దారికి వేరే గుర్తులు లేవు. అక్కడ ఆయన చేతిలోని నీటితిత్తి జారి ఒలికిపోయింది. వెనుకకు మళ్ళి పది లీల దూరం నడిచాడు. తూర్పుకు తిరిగి బ్రతకడం కంటె పడమటికి పోతూ చావడం మేలని తాను చేసుకొన్న ప్రతిజ్ఞ జ్ఞాపకం వచ్చి, మళ్ళీ గుర్రాన్ని పడమటికి త్రిప్పాడు. నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు గొంతులోకి ఒక్క చుక్క దిగలేదు. మనిషీ గుర్రమూ ఇసుకలో కూలిపోయారు. అయిదవ రాత్రి చల్లగాలి తగిలి లేచి కొంతదూరం పోగానే గుర్రం పట్టరాకుండా వేరొక దిక్కుకు లాగుకొని పోయింది. ఎంత అదలించినా మళ్ళలేదు. అది ఆగిన చోట పచ్చికా, దానికి ప్రక్కనే నీటిమడుగూ ఉన్నాయి.

అక్కడినుంచి తుర్ఫాన్ చేరగా అక్కడి రాజు ఆయనను గురువుగా నిలుపుకోవాలని పట్టుబట్టాడు. భిక్షువు నిరాహారుడై కూర్చున్నాడు. చివరకు రాజే దిగివచ్చి, తిరుగుప్రయాణంలో మూడేళ్ళు తన దగ్గర ఉండాలని మాట తీసుకొని, పరిచారకులనూ ధనాన్నీ దారిపొడుగునా రాజులకు లేఖలనూ ఇచ్చి పంపాడు. తరువాత కుచా దేశంలో ఒక డ్రాగను సరస్సు గాథ ఆయన చెవిని బడింది. ఆ సరస్సులోని డ్రాగనులు రూపం మార్చి ఆడుగుర్రాలతో కూడేవనీ, వాటికి పుట్టిన పిల్లలు ఎవరికీ లొంగనివనీ, ఆ పిల్లల పిల్లలు మాత్రం కాడికి లొంగుతాయనీ, ఆ దేశంలో మేలుజాతి గుర్రాలు ఉండడానికి కారణం ఇదేననీ అక్కడివారు చెప్పారు. ఆయన దానిని వ్రాసుకొన్నాడు. తరువాత మంచుకొండలు దాటడానికి ఏడు రోజులు పట్టింది. తోడు వచ్చినవారిలో పదింట మూడు నాలుగు వంతులు అక్కడే రాలిపోయారు.

భారతదేశంలో అడుగు పెట్టినది మొదలు ప్రతి ఏటి మొదటా ఒక నాగుడు ఆయనకు ఎదురవుతూనే వచ్చాడు. సువాస్తు నది పుట్టినచోట అపలాలుడు. బుద్ధుడు వాని ఉగ్రతను అణచినా, వాని ఆహారానికై పన్నెండేళ్ళ కొకసారి పంట గైకొనడానికి అనుమతించాడట. అందువల్లనే పన్నెండేళ్ళ కొకసారి ఆ లోయలో వరద. తక్షశిల దగ్గర ఏలాపత్రుని మడుగు. వాన కావలసినప్పుడు జనులు భిక్షువులను వెంటబెట్టుకొని దాని ఒడ్డుకు పోయి చిటికెలు వేసి ప్రార్థిస్తారట. కాశ్మీరమంతా పూర్వం నాగసరస్సేనట. నగరహారంలో గోపాలనాగుని గుహ చూడబోతుండగా అయిదుగురు దొంగలు కత్తులతో అడ్డగించారు. ఆయన బెదరలేదు. దొంగలే మెత్తబడి వెంట వచ్చారు. చీకటి గుహలో వందకు పైగా నమస్కారాలు చేసినా ఏమీ కనబడక, తన పాపమే కారణమని భిక్షువు ఏడ్చాడు. తరువాతగాని బుద్ధచ్ఛాయ ఆయనకు దర్శనమీయలేదు.

చరిత్రకారులు హ్యూన్‌త్సాంగ్ ఇచ్చిన దూరాలను కొలబద్దగా చేసుకొన్నారు. పందొమ్మిదవ శతాబ్దిలో కన్నింగ్‌హామ్ ఆ లెక్కలను పట్టుకొని పాడుబడిన నగరాలనెన్నిటినో గుర్తించాడు. నాగుల కథలను మాత్రం వారు చాలవరకు ప్రక్కకు తోసివేశారు. నాకది న్యాయంగా తోచదు. లీలు లెక్కించిన చేయీ, నాగుల కథలు వ్రాసిన చేయీ ఒకటే. ఏ నది ఎప్పుడు పొంగుతుంది, ఏ మడుగు దగ్గర జనం వానకు మొక్కుతారు, ఏ దారి ప్రమాదకరం అన్న సంగతులు ఆ కథలలోనే ఇమిడి ఉన్నాయి. తాను విన్నదానిని విన్నట్లు వ్రాయడం కూడా సాక్షి ధర్మమే.

నలందాలో వయోవృద్ధుడైన శీలభద్రాచార్యుని పాదాలకడ ఆయన యోగాచారశాస్త్రం చదివాడు. ఏ సందేహాల కోసం ఇల్లు విడిచాడో వాటికి అక్కడ సమాధానం దొరికింది. తరువాత దక్షిణాపథానికి వచ్చాడు. కళింగ, దక్షిణకోసలాలు దాటి ఆంధ్రదేశంలో వేంగిని చూశాడు. ఇక్కడి భాష మధ్యదేశపు భాషకు భిన్నమనీ, లిపి మాత్రం చాలవరకు అదేననీ వ్రాశాడు. ధాన్యకటకంలో కొన్ని నెలలు నిలిచి మహాసాంఘికుల అభిధర్మం అభ్యసించాడు. అప్పటికే విహారాలు చాలా పాడుపడ్డాయి. పూర్వశైల, అపరశైల విహారాలలో భిక్షువులు లేరు. కొండదేవతలు రూపాలు మార్చి బాటసారులను జడిపిస్తున్నారని జనం చెప్పుకొన్నారు. అంతకుముందు రామగ్రామంలో ఆయన ఒక స్తూపాన్ని చూశాడు. ప్రక్క కొలనులోని నాగుడు పామురూపంతో వెలికివచ్చి దానికి ప్రదక్షిణం చేస్తాడని విన్నాడు. నాగులు చుట్టుకొని కాపాడే ఆ స్తూపాన్నే మన అమరావతి శిల్పులు అంతకు కొన్ని శతాబ్దాల ముందే పాలరాతి పలకలపై చెక్కి ఉంచారు. ఆంధ్రుల ఉలికీ చీనా భిక్షువు కలానికీ అందిన కథ ఒక్కటే.

హర్షుని సత్కారాలు పొంది, 643లో తిరుగుముఖం పట్టాడు. సింధునదిని ఆయన ఏనుగుపై దాటాడు. గ్రంథాలను పడవలో ఎక్కించారు. నడిఏటిలో గాలివాన లేచింది. ఏభై కట్టల గ్రంథాలూ, చీనాకు తీసుకుపోదామని సేకరించిన పూలవిత్తనాలూ నీటిపాలైనాయి. వింతపూలనో, అమూల్యవస్తువులనో తీసుకొని ఆ నది దాటేవారి పడవలు మునుగుతాయనీ, నీటిలో విషనాగులున్నాయనీ ఆయన గ్రంథంలో ఉన్నది. వినికిడి కథకు ఆయన తన నష్టంతో సాక్ష్యం చెప్పుకోవలసి వచ్చింది. తుర్ఫాన్ రాజు కిచ్చిన మాట తీర్చుకొనే యోగం కూడా లేకపోయింది. 640లో ఆ రాజ్యం తాంగ్ సేనల వశమైంది. మాట తీసుకొన్న రాజు గతించాడు. భిక్షువు దక్షిణపు బాట పట్టి, ఖోటాన్ నుంచి చక్రవర్తికి క్షమాపణ లేఖ పంపాడు.

645లో ఆయన 657 గ్రంథాలతో రాజధానియైన చాంగాన్ చేరినప్పుడు నగరమంతా ఎదురువచ్చింది. వెళ్ళవద్దన్న చక్రవర్తే మంత్రిపదవి ఇస్తానన్నాడు. భిక్షువు కాదన్నాడు. యాత్రావిశేషాలు వ్రాసియిమ్మన్న కోరికను మాత్రం మన్నించి, శిష్యుడు బియన్‌జీ చేత వ్రాయించి, పన్నెండు సంపుటాల గ్రంథాన్ని 646లో సమర్పించాడు. మిగిలిన జీవితమంతా అనువాదానికే. 75 గ్రంథాలు చీనాభాషలోకి తెచ్చాడు. వాటిలో కడపటి పెద్ద గ్రంథం మహాప్రజ్ఞాపారమిత. అది చాలా పెద్దది, సంక్షేపించమని శిష్యులు కోరినా ఒక్క భాగమైనా విడువక, 600 భాగాలనూ 663లో ముగించాడు. 664లో కన్నుమూశాడు.

ఆ తరువాత కథకులు ఆయనను తమ చేతిలోకి తీసుకొన్నారు. సుంగ్ వంశం నాటికే ఆయన వెంట కోతి చేరింది. 1592లో నాన్కింగ్‌లో అచ్చయిన నూరు అధ్యాయాల పశ్చిమయాత్ర అనే నవల ఆ కథలన్నిటికీ నిండురూపం ఇచ్చింది. దాని కర్త ఊ చెంగెన్ అని ప్రతీతి. అందులో యాత్రకు మూలం ఒక డ్రాగను చేసిన నేరం. వానదేవుడైన ఒక నదీరాజు పంతానికి పోయి, ఆజ్ఞాపించిన వేళనూ కొలతనూ తప్పించి వాన కురిపించి, శిరస్సు కోల్పోతాడు. అతని ప్రేతం తైత్సుంగ్‌ను పీడిస్తుంది. చక్రవర్తి నరకం చూసి తిరిగివచ్చి, పాపశాంతికై భిక్షువును తానే తమ్ముడుగా భావించి పంపుతాడు. దారిలో మరొక డ్రాగను, పశ్చిమసముద్రరాజు కుమారుడు, భిక్షువు గుర్రాన్ని మ్రింగి, ఆ గుర్రం స్థానంలో తానే తెల్లగుర్రమై గమ్యం దాకా మోస్తాడు. చివరకు ఒక కొలనులో మునిగి పూర్వరూపం పొంది, స్తంభాన్ని చుట్టుకొని నిలుస్తాడు.

ఆ నవల గొప్పది, సందేహం లేదు. కాని దానివల్ల ఒక అన్యాయం జరిగింది. ఆజ్ఞ మీరి ఒంటరిగా వెళ్ళిన సాహసి అందులో రాజాజ్ఞపై వెళ్ళిన పిరికివాడైనాడు; చీటికిమాటికి కళ్ళనీళ్ళు పెట్టుకొని కోతిని పిలిచేవాడైనాడు. ధైర్యమంతా కోతికి పోయింది. దొంగల కత్తుల నడుమ నిలిచిన మనిషి గుహలో తన పాపానికి ఏడ్చాడేగాని భయంతో ఏడ్చినట్లు ఆయన చరిత్రలో ఎక్కడా కనబడదు.

గుర్రం విషయంలో మాత్రం కథకులు న్యాయం చేశారని నాకు తోస్తుంది. లోయాంగ్‌కు తొలి బౌద్ధగ్రంథాలు తెల్లగుర్రంపై వచ్చాయని ఒక ప్రాచీన ఐతిహ్యం ఉన్నది; ఎర్రగుర్రం తెల్లబారడానికి అదే కారణం కావచ్చు. ఆ గుర్రం డ్రాగను కావడానికి వేరే కారణం వెదకనక్కరలేదు. నాగలోకంలో చిక్కిన ఉదంకుణ్ణి వేళకు గురుపత్ని ముందు నిలిపినది ఒక గుర్రమేనని నన్నయగారి భారతం చదివినవారికి తెలుసు. చీనా ఎడారిలో నీటి జాడ ఎరిగినది పండితుడు కాడు, దారి చూపవచ్చినవాడు కాడు. పదిహేనుసార్లు ఆ ఇసుక త్రొక్కిన ఒక బక్క ముసలిగుర్రం. నీరు చూపినదానిని నీటికి అధిదేవతగా కొలవడం మనకూ వింత కాదు. ఆ మడుగు కనబడకపోతే నలందా లేదు, ధాన్యకటకపు నెలలు లేవు, 657 గ్రంథాలు లేవు. గ్రంథాలు తెచ్చినవానికి రాజధాని ఎదురువచ్చింది. ఆయనను బ్రతికించిన జంతువుకు దక్కినది ఈ కథలోని డ్రాగను రూపమే.