పెంకులను చదివిన పండితుడు: సర్ ఫ్లిండర్స్ పెట్రీ

వస్తువులను కూడబెట్టుటయందు బాలురకు సహజముగనే మక్కువ కలదు. ఒకడు గవ్వలను, ఒకడు తపాలా బిళ్లలను, ఒకడు పాత కాసులను పెట్టెలో దాచుకొనుచుండును. ఇంటి పెద్దలు దానిని జూచి చెత్తయని విసుగుకొందురు. ఆ విసుగు కొంతవరకు న్యాయమే. వస్తువును పెట్టెలో పడవేసి మరచిపోవువానికి దానివలన నెట్టి లాభమును లేదు. అయినను, లోకులు చెత్తయని పారవేసిన పెంకులను, పూసలను శ్రద్ధతో పరిశీలించి, వేలకొలది యేండ్లనాటి మానవుల చరిత్రను వెలికిదీసిన పండితు డొకడు కలడు. అతని జీవితమును మన విద్యార్థులకు తెలుపుట మాకు సంతోషము.

విలియము మాథ్యూ ఫ్లిండర్స్ పెట్రీ 1853వ సంవత్సరము జూన్ 3వ తేదీని ఇంగ్లాండు దేశమున, లండను నగరమునకు చేరువనున్న చార్ల్టను అను చోట జన్మించెను. తండ్రి యింజనీరు. తల్లి, ఆస్ట్రేలియా తీరములను ఓడపై చుట్టివచ్చి పటములు వ్రాసిన మాథ్యూ ఫ్లిండర్సను నావికుని కుమార్తె. బాలుడు మిక్కిలి దుర్బలుడు. అనేక భాషలను ఒక్కసారిగా నేర్పబోవగా జబ్బుపడెను. అందుచే అతనిని పాఠశాలకు బంపుట మానిరి. తల్లిదండ్రులు ఇంటియొద్ద నేర్పినదియు, తాను స్వయముగా చదువుకొన్నదియు మాత్రమే అతని విద్య.

అతని కెనిమిదేండ్ల ప్రాయమున, ఇంటికి వచ్చిన స్నేహితులు వైట్ ద్వీపమున బయల్పడిన రోమనుల కాలపు గృహము నొకదానిని పారలతో త్రవ్వివేసిన తీరును చెప్పుకొనుచుండిరి. ఆ మాటలు విని బాలుడు తల్లడిల్లెను. మట్టిని అంగుళ మంగుళముగా గీకి తీసి, ఏ వస్తువు ఎచ్చట నెట్లున్నదో చూడవలదా యని అతని బాధ. అతడు పెరిగి పెద్దవాడై చేసిన పని యంతయు ఈ చిన్ననాటి బాధకు సమాధానమేయని మాకు తోచుచున్నది.

బాల్యమున పాత సామానుల దుకాణములు తిరిగి ప్రాచీన నాణెములను వెదకి తెచ్చుట అతనికి వాడుక. తండ్రివలన భూమిని కొలుచు విద్యయు నేర్చెను. స్టోన్‌హెంజి యను ప్రాచీన శిలావలయమును కొలిచి 1880లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆ సంవత్సరాంతముననే ఐగుప్తు దేశమునకు బయలుదేరి, గీజాయొద్ద రాతిలో తొలిచిన పాత సమాధి నొకదానిని నివాసముగా జేసికొని, మహాపిరమిడును కొలువ నారంభించెను. ఆ కాలమున కొందరు, పిరమిడు కొలతలయందు దైవికమైన మర్మములు దాగియున్నవని నమ్ముచుండిరి. పెట్రీ తండ్రియు ఆ నమ్మకము గలవాడే. కాని కుమారుని కొలతలు ఆ సిద్ధాంతమునకు సరిపడలేదు. అతడు తండ్రి కోరిన ఫలమును గాక, కొలబద్ద చూపిన ఫలమునే 1883లో ప్రకటించెను.

ఐగుప్తులో అతడు కన్నులార జూచిన దేమి? త్రవ్వువారందరు పెద్ద విగ్రహములను, బంగారమును, లిపి చెక్కిన రాళ్లను మాత్రమే కోరుచుండిరి. కుండపెంకులు, పూసలు, సూదులు, పనిముట్లు, బట్టపేలికలు కుప్పలుగా పారవేయబడుచుండెను. దొరికిన మంచి వస్తువులో, దళారుల చేతులలోబడి, ఎచ్చట దొరికినవో తెలియకుండ దేశదేశములకు బోవుచుండెను. పుట్టినచోటు మరచిన వస్తువు నోరులేని సాక్షివంటిది. అది అందముగా నుండవచ్చును గాని ఏమియు చెప్పజాలదు. వస్తువు విలువలో సగము అది పడియున్న చోటియందే కలదని పెట్రీ గ్రహించెను.

కావున అతడు క్రొత్త పద్ధతి నవలంబించెను. ప్రతి చిన్నవస్తువు దొరికిన తావును వ్రాసియుంచెను. పనివాండ్రకు కూలియేగాక, వారు కనుగొని తెచ్చిన వస్తువునకు దళారి యిచ్చునంత బహుమానమును ఇచ్చెను. అందుచే పూసయైనను దాచి యమ్ముకొనవలసిన యవసరము వారికి లేకపోయెను. లాహూను గ్రామమునుండి వచ్చిన ఆలీ సువేఫీ యను పనివాడు అతనికి కుడిభుజమై యుండెను. కుఫ్తు గ్రామపు కూలీలు అతనియొద్ద నేర్చిన నేర్పుతో త్రవ్వకములలో ఆరితేరినవారై, ఆ పనిని తమ బిడ్డలకు సహితము నేర్పిరి. పెట్రీ మితవ్యయమునకు పేరుపడెను. డబ్బాలలోని యాహారముతోను, ముతక పడకతోను సరిపెట్టుకొని, మిగిలిన ధనమును పనికే వినియోగించెను.

అమీలియా ఎడ్వర్డ్సను రచయిత్రి ఐగుప్తు ప్రాచీనవస్తువుల రక్షణకై పాటుపడిన విదుషి. ఆమె మరణానంతరము, ఆమె విడిచిన ధనముతో 1892లో లండను యూనివర్సిటీ కాలేజీయందు ఒక ఆచార్యపదవి యేర్పడెను. పాఠశాల ముఖమెరుగని పెట్రీయే దానికి మొదటి ఆచార్యుడయ్యెను. 1896లో హిల్డా అర్లిన్‌ను వివాహమాడెను. ఆ యిల్లాలు చిత్రములు వ్రాసియు, సమాధులలో దిగి పనిచేసియు భర్తకు తోడ్పడెను. ఆ సంవత్సరముననే అతడు థీబ్సు నగరమున మెర్నెప్తా రాజు శాసనమును కనుగొనెను. అందు ఇశ్రాయేలు పేరు కలదు. పెద్దరాయి గనుక దాని ఖ్యాతియు పెద్దదే. కాని అతని ఘనత నెరుగుటకు చిన్నవస్తువులనే చూడవలయును.

1894–95లో నఖాదాయొద్ద రెండువేలకు మించిన సమాధులు బయల్పడెను. వానిలో లిపి లేదు, రాజుల పేరులు లేవు, కుండలుమాత్ర మున్నవి. అవి ఐగుప్తున అంతవరకు తెలిసిన కుండలవలె లేకుండుటచే, నడిమికాలమున పరదేశీయు లెవరో వచ్చి యుందురని పెట్రీ తలచెను. అది పొరపాటు. ఆ సమాధులు ఫరోల కంటె ముందటివని ఫ్రెంచి పండితుడైన డి మోర్గాను చూపెను. పెట్రీ తరువాత తన తప్పు నొప్పుకొనెను. అంతటితో నూరకుండక, లిపి లేని కాలమునకు వరుస నిర్ణయించు నుపాయమును వెదకెను.

ఆ యుపాయము మన బాలురకును సులభముగ బోధపడును. మన తాతలనాటి చెంబు ఆకారము వేరు, నేటి చెంబు ఆకారము వేరు. వాడుకలో రూపము మెల్లమెల్లగా మారుచుండును. నఖాదా జాడీలలో కొన్నిటికి చేతితో పట్టుకొనుటకు అలలవంటి పిడులు గలవు. కొన్నిటియందు ఆ పిడి సన్నబడినది. మరికొన్నిటియందు అది పట్టుకొనుటకు పనికిరాని వట్టి గీతగా మిగిలినది. పనికివచ్చు పిడి ముందటిది, గీతయే కడపటిది. పెట్రీ సుమారు 900 సమాధులలోని వస్తువులను అట్టముక్కలపై వ్రాసి, ఒకే తీరు కుండలుగల సమాధులు దగ్గరదగ్గరగా వచ్చునట్లు పలుమారులు పేర్చిపేర్చి, 1899లో వాని కాలక్రమమును ప్రకటించెను. వరుసకు 30 మొదలు 80 వరకు అంకెల నిచ్చెను. ఇంకను ప్రాచీనమైనవి ముందు దొరకవచ్చునని తలచి 1 మొదలు 29 వరకు ఖాళీగా నుంచెను. తనకు తెలియనిదానికి చోటు విడిచిపెట్టుట పండితుని వినయము.

1903లో అబిడోసునందు మరియొక చిన్నవస్తువు దొరకెను. అది దంతపు బొమ్మ. పనివాని పనిముట్టు తగిలి తల విరిగిపోయినది. బొమ్మపై ఖూఫూ రాజు పేరు చెక్కబడియుండెను. మహాపిరమిడును కట్టించిన రాజు ఇతడే. పెట్రీ తలకొరకు బహుమాన మేర్పరచి, త్రవ్వి పోసిన మట్టినంతను జల్లెడ పట్టించెను. మూడు వారములు గడచినపిదప తల దొరకెను. బొమ్మ మొత్తము ఎత్తు సుమారు 3 అంగుళములు. అంతటి కట్టడమును లేపిన రాజు ముఖమును మనము చూడగలుగుట జల్లెడవలననే. ఆ బొమ్మ కైరో నగరపు వస్తుప్రదర్శనశాలకు చేరెను.

అతని లోపములను దాచుట మాకు సమ్మతము గాదు. మనుష్యులలో జాతినిబట్టి హెచ్చుతగ్గు లుండునని అతడు నమ్మెను. ఐగుప్తు నాగరికత బయటి జాతి తెచ్చినదని వాదించెను. ఈ తలపులను శాస్త్రజ్ఞులు త్రోసివేసియున్నారు. మరియు త్రవ్వకములలో దొరికినవానిలో కొంతభాగము కైరోకును, మిగిలినది ధనమిచ్చిన విదేశములకును పంచుట ఆనాటి వాడుక. అది ప్రభుత్వానుమతితో జరిగినదే. అయినను తమ పూర్వుల వస్తువులు దూరదేశముల కేగుట ఐగుప్తీయులకు నష్టము గాదా? 1983లో ఆ దేశము చట్టముచేసి పురావస్తువుల వ్యాపారమును నిషేధించినది.

పెట్రీ కూర్చిన వస్తుసముదాయము 1913లో యూనివర్సిటీ కాలేజీ పరమయ్యెను. నేడక్కడ ఎనుబదివేల వస్తువులు గలవు. 1923లో అతనికి సర్ బిరుదము కలిగెను. 1926 మొదలు పాలస్తీనాలో త్రవ్వకములు సాగించి, 1942 జూలైలో యెరూషలేమున మరణించెను.

అతని కథ అంతటితో ముగియలేదు. 1913లో తర్ఖానుయొద్ద ఒక సమాధినుండి మురికిబట్టల మూట యొకటి దొరకియుండెను. దాని నతడు పారవేయక భద్రపరచెను. 1977లో, అనగా అతడు గతించిన 35 ఏండ్లకు, ఆ మూటను విప్పి శుభ్రపరచగా, మడతలుపెట్టి కుట్టిన చేతులుగల అవిసెనార చొక్కా యొకటి బయటపడెను. మోచేతులయొద్ద, చంకలయొద్ద నున్న ముడుతలనుబట్టి దానిని ఎవరో నిజముగా తొడిగినట్లు తెలియుచున్నది. ఐదువేల యేండ్లకు పైబడినదని 2016లో తేలిన ఆ యుడుపు, నేసిన యుడుపులలో తెలిసినంతవరకు మిక్కిలి ప్రాచీనము. పారవేసియుండినచో దానిని చూచువాడెవడు?

ప్రియ విద్యార్థులారా! కూడబెట్టుట గొప్ప గాదు, తెలిసికొనుట గొప్ప. పొలము దున్నుచుండగా నాణెమో, పూసయో, పెంకో దొరికినచో తోమి మెరుగుపెట్టకుడు, అంగడికి చేర్చకుడు. దొరికిన చోటును, లోతును, తేదీని కాగితముపై వ్రాసి, మీ యుపాధ్యాయులకు చూపుడు. వారి ద్వారా అధికారులకు తెలుపుడు. ఆ కాగితము లేని వస్తువు మీ పెట్టెలో బరువు మాత్రమే. ఆ కాగితము గల పెంకు రేపటివారికి పాఠము చెప్పగలదు.