ఉగ్రమూర్తిని కొలిచిన శాంతకవి ఎఱ్ఱన

ఆంధ్ర మహాభారతమును రచించిన కవిత్రయములో ఎఱ్ఱాప్రగడ పేరు సాధారణముగా చివర చెప్పబడును. నన్నయ ఆదికవి, తిక్కన కవిబ్రహ్మ, వారిరువుర నడుమ మిగిలిపోయిన అరణ్యపర్వ శేషమును పూరించినవాడు ఎఱ్ఱన. పాఠశాలలలో ఆయనను గూర్చి చెప్పునది తరచుగా ఇంతటితో ముగియుచుండును. కాని ఆయన జీవితములో ఈ పూరణము ఒక భాగము మాత్రమే. శంభుదాసుడని ప్రసిద్ధికెక్కిన ఆ శివభక్తుడు, విష్ణువు అవతారములలో మిక్కిలి భీకరమైన నృసింహావతారమును కావ్యముగా రచించి, దానిని అహోబల నరసింహునకే అంకితము చేసెను. ఇది ఎట్లు పొసగినదో విచారించినచో, ఆ కవి హృదయముతోపాటు ఆ అవతారతత్త్వము కూడ మనకు బోధపడగలదు.

ఎఱ్ఱన పదునాలుగవ శతాబ్దమువాడు. శ్రీవత్స గోత్రజుడు. తండ్రి సూరన, తల్లి పోతమాంబ. తాత పేరు ఎఱ్ఱపోతన. పాకనాటిలో, కందుకూరునకు సమీపమున నున్న గుడ్లూరు ఆయన గ్రామము. శంకరస్వామి యనువారు ఆయనకు గురువులు. ఇంటిలో విద్య, గురుసన్నిధిలో శివభక్తి ఆయనకు లభించినవి.

ఆయన జీవించిన కాలము తెలుగు దేశమునకు కష్టకాలము. 1323లో ఓరుగల్లు పతనమై కాకతీయ సామ్రాజ్యము అంతరించెను. రాజ్యము పోవుటతో దేవాలయములకు, అగ్రహారములకు, విద్యకు ఆధారము తప్పెను. ఆ అంధకారములో అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యమును నెలకొల్పిన ప్రోలయ వేమారెడ్డి 1325 నుండి 1353 వరకు పాలించి, చెడిన ధర్మసంస్థలను మరల నిలబెట్టెను. శ్రీశైలమునకును అహోబలమునకును యాత్రికుల కొఱకు సోపానములు కట్టించినవాడు ఆయనయే. ఒకటి శివక్షేత్రము, వేరొకటి నరసింహక్షేత్రము. ప్రభువు దృష్టిలో రెండును సమానములే.

వేమారెడ్డి సోదరుడు మల్లారెడ్డి ఎఱ్ఱన ప్రతిభను గుర్తించి, ఆయనను అన్నగారి ఆస్థానమునకు చేర్చెను. ఎఱ్ఱన రామాయణమును, హరివంశమును తెనిగించి వేమారెడ్డికి అంకితము చేసెను. ఆ రామాయణము నేడు మనకు లభించుటలేదు. హరివంశము నిలిచి, కవి కీర్తిని నిలిపినది.

నరసరావుపేట ప్రాంతమువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. అద్దంకి ఇచటికి చేరువ. వేమారెడ్డి అనంతరము ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని మన పొరుగుననే యున్న కొండవీటికి మార్చెను. ఈ పల్నాటి సీమయే అంతకు ముందు పండ్రెండవ శతాబ్దమున దాయాదుల పోరులో రక్తసిక్తమైనది. మాచర్ల చెన్నకేశవుని భక్తుడైన బ్రహ్మనాయుని పక్షమునకును, శివభక్తురాలైన నాగమ్మ పక్షమునకును నడుమ మతభేదము సైతము ఆ వైరమునకు ఆజ్యము పోసినదని పలువురు చెప్పుదురు. కోటప్పకొండపై త్రికోటేశ్వరుడు, మాచర్లలో చెన్నకేశవుడు కొలువుదీరిన సీమలో దైవభేదము మనుష్యుల నడుమ గోడగా నిలువరాదన్న మాట ఎంత విలువైనదో వేరుగ చెప్పనక్కరలేదు. తిక్కన హరిహరనాథునకు భారతమును అంకితము చేసి ఆ మాటను చాటెను. శంభుదాసుడు నృసింహుని కీర్తించి ఆ బాటనే నడచెను.

నృసింహపురాణ రచనకు కారణమైన సంఘటన రమ్యమైనది. అప్పటికే ఎఱ్ఱన ప్రబంధపరమేశ్వరుడని పేరు పొందియుండెను. తాత ఎఱ్ఱపోతన ఆయనకు స్వప్నమున సాక్షాత్కరించి, అహోబల నరసింహునకు అంకితముగా ఆ దేవుని కథను రచింపుమని ఆదేశించెను. మనుమడు ఆ ఆదేశమును శిరసావహించి, అయిదు ఆశ్వాసముల కావ్యమును సంతరించెను. ఒకే కథను గ్రహించి వర్ణనలతో పెంచి కావ్యముగా తీర్చిన ఈ రచన తరువాతి ప్రబంధములకు మార్గము చూపినదని విమర్శకులు భావింతురు.

ఇంతకు, సాధుస్వభావుడైన కవి ఇంతటి ఉగ్రమూర్తిని ఎంచుకొనుటలో ఔచిత్యమేమి? కథలోని అంతరార్థమే దీనికి సమాధానము.

హిరణ్యకశిపుడు తపస్సు చేసి వరములు పొందెను. మనుష్యుని చేత గాని మృగము చేత గాని, పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని, నేలపై గాని నింగిపై గాని తనకు చావు కలుగరాదని కోరెను. తన బుద్ధికి తోచిన విభాగములన్నిటిని లెక్కించి, అన్ని ద్వారములను మూసితినని తలచెను. దైవము ఆ విభాగముల సంధులలో ప్రత్యక్షమయ్యెను. నరుడు కాదు, సింహము కాదు. పగలు కాదు, రేయి కాదు. లోపల కాదు, వెలుపల కాదు, గడప. మానవుని లెక్కకు దైవము లొంగదని దీని భావము. వెలుపలి శత్రువుల నందరిని లెక్కించిన ఆ దైత్యుడు తనలోని శత్రువును లెక్కింప మరచెను. ఆ శత్రువు అహంకారము. నేను తప్ప వేరొక ప్రభువు లేడన్న ఆ గర్వమునే నృసింహుని నఖములు చీల్చినవి.

ఆ క్రోధమునకును మన కోపమునకును గల భేదమును గమనింపవలెను. మన కోపము స్వార్థమునుండి పుట్టి, పగగా మారి, తరములను దహించును. నృసింహుని కోపము ఒక పసివాని ఆర్తినుండి పుట్టినది. కార్యము ముగిసిన పిదప దేవతలు సైతము దరిచేర వెరచిన ఆ మూర్తిని బాలుడైన ప్రహ్లాదుడు సమీపింపగా, ఆ ఉగ్రత వాత్సల్యముగా మారెను. ప్రహ్లాదుడు ఎన్నడును చేయి ఎత్తలేదు. చండామార్కులు బెదిరించినను, ఏనుగులచే త్రొక్కించినను, విషము పెట్టినను ఆ బాలుడు తండ్రిని ద్వేషింపలేదు. తుదకు ఆ తండ్రి పాపము తొలగవలెననియే దేవుని ప్రార్థించెను. కావున ఈ కథ మనుష్యుని ఉగ్రుడవు కమ్మని బోధించుటలేదు. మనుష్యునకు ప్రహ్లాదుని సహనమే ఆదర్శము. నృసింహుని పేరు చెప్పి పరులపై పగ తీర్చుకొన నెంచువాడు తెలియకయే హిరణ్యకశిపుని స్థానమున నిలుచుచున్నాడు.

రాజ్యములు కూలి, బలవంతుని మాటయే శాసనమై సాగిన యుగమున జీవించిన ప్రజలకు ఈ కథ ఎట్టి ధైర్యమును కలిగించి యుండునో ఊహింపవచ్చును. బలమునకు పైన ధర్మమొకటి కలదని, అది ఆలస్యముగనైనను స్తంభమును చీల్చుకొని వచ్చునని వారు విశ్వసించిరి.

అహంకారమును జయించుట ఎఱ్ఱనకు కావ్యవస్తువు మాత్రమే కాదు. అరణ్యపర్వ పూరణమే దీనికి నిదర్శనము. నన్నయ నాలుగవ ఆశ్వాసము నడుమ విడిచిన పర్వమును తిక్కన సైతము ముట్టక, విరాటపర్వముతో తన రచన నారంభించెను. దానిని ముట్టినవారికి కీడు మూడునన్న భయము లోకమున ఉండెనని చెప్పుదురు. ఎఱ్ఱన దానిని పూరించెను. కాని తన ప్రభువునకు అంకితము చేయలేదు. మూడువందల యేండ్ల క్రిందట నన్నయచే భారతమును వ్రాయించిన రాజరాజనరేంద్రునకే దానిని అంకితము చేసెను. నన్నయ శైలితో మొదలిడి, క్రమముగా తిక్కన శైలికి చేర్చి, అతుకు కనబడకుండ రచించెను. చివర తన పేరు చెప్పుకొన్నప్పుడును, అది నన్నయ రచనయే యన్నట్లు వినయముతో పలికెను. తరువాతి శతాబ్దమున కొండవీటి ఆస్థానమున వెలుగొందిన శ్రీనాథుడు కాశీఖండమున ఎఱ్ఱన సూక్తివైచిత్రిని స్మరించి, దానిని అనుసరింతునని చెప్పుట ఆ వినయమునకు దక్కిన గౌరవము.

అట్లూరు అను పాతపేరుగల గ్రామము మల్రాజు నరసరావుగారి పేరిట నరసరావుపేట యైనది. నరసయ్య, నరసమ్మ, నరసింహము మొదలగు పేర్లు ఈ సీమలో ఇంటింట వినబడును. అంతటి భీకరమూర్తి పేరు పెట్టి తల్లులు పసిబిడ్డలను ముద్దుగా పిలుచుచున్నారు. ఆ ఉగ్రతలోని వాత్సల్యమును గుర్తించి, దానిని మొట్టమొదట తెలుగున సమగ్ర కావ్యముగా అందించిన శంభుదాసుని, భారత పూరకునిగా మాత్రమే గాక, ఆ తత్త్వమును జీవించి చూపిన మహనీయునిగా మన విద్యార్థులకు పరిచయము చేయుట ఉపాధ్యాయుల విధి.